గాలి జల్లించిన బూడిద

రత్నమ్మ దగ్గినప్పుడు నేను మొదట చేసిన పని ఆమెకు నీళ్ళివ్వడం కాదు. గడప దాకా పాక్కుంటూ వెళ్ళిన నా కొడుకును ఎత్తుకుని, వాడి ముక్కూ నోరూ నా కొంగుతో మూసి, వంటింట్లోకి పరుగెత్తడం.

ఆ పరుగును ఇన్నేళ్ళుగా మోస్తున్నాను. వాడిప్పుడు బడికి పోతున్నాడు. వాణ్ణి చంకలోంచి దించి చాలా కాలమైంది. ఆ పరుగును మాత్రం దించలేకపోయాను.

మీరెవరో నాకు తెలియదు. నా పేరు మీకు చెప్పను. రత్నమ్మ అన్నది కూడా ఆమె అసలు పేరు కాదు. మీరు జాలిపడే మనిషైతే ఇక్కడే ఆపండి, మీ జాలి నాకక్కర్లేదు. తిట్టే మనిషైతే చదవండి. కానీ తిట్టే ముందు, మీ పిల్లలకు అందకుండా దాచిన వస్తువేదైనా ఇంకొకరి చేతిలో పెట్టి ఊరుకున్నారేమో ఒకసారి చూసుకోండి. చూసుకున్నారా? సరే.

ఆ రోజు సంగతి ముందు చెబుతాను. మా ఇంటి వెనక పెరట్లో ఒక గది ఉంది. అందులో రత్నమ్మ తెల్లమన్ను జల్లిస్తోంది. ఇత్తడి సామాన్లు తోముకునే పొడి కోసం. గది కప్పులో వెలుతురుకని ఒక గాజు పెంకు పెట్టించారు. మధ్యాహ్నపు ఎండ అందులోంచి నిలువు కర్రలా కిందికి దిగింది. ఆ ఎండలో పొడి కనిపించింది. రత్నమ్మ జల్లెడ ఆపి, చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని దగ్గుతోంది. జల్లెడ ఆగి చాలాసేపైంది. పొడి మాత్రం కిందికి దిగలేదు. అక్కడే నిలబడి ఉంది.

అది ఎందుకు దిగడం లేదో ఆ ఇంట్లో నాకొక్కదానికే తెలుసు.

నేను పుట్టింది చింతామణిలో, మెట్టింది బాగేపల్లిలో, రెండూ కర్ణాటకలో తెలుగు మాట్లాడే ఊళ్ళే. అక్కడా దుకాణమే, ఇక్కడా దుకాణమే. మా కులంలో ఆడపిల్లను కాలేజీకి పంపడమే ఎక్కువ. మా నాన్న మొండిగా అనంతపురం పంపించి బి.ఎస్సీ. చదివించాడు. నేను తీసుకున్నది జియాలజీ. ఎందుకు తీసుకున్నావని ఇప్పుడడిగితే చెప్పలేను. ఇంట్లో అందరూ అమ్మేవీ కొనేవీ తూచేవీ చూసి చూసి, ఎవరూ తూచలేనిది ఏదైనా చూడాలనిపించిందేమో.

పెళ్ళై వచ్చిన కొత్తల్లోనే మా అత్త నా చదువును వీధిలో పెట్టింది. దుకాణానికి వచ్చిన ప్రతి మనిషికీ చెప్పేది. "రాళ్ళు చదివిందంటప్పా మా కోడలు. రాళ్ళల్లో ఏముండాదని చదవను? మా బియ్యంలో ఉండాయి రాళ్ళు. అవి ఏరమను, చూస్తాం."

అందరూ నవ్వేవాళ్ళు. మా ఆయన కూడా నవ్వేవాడు. నేను బియ్యం ఏరేదాన్ని. ఒకనాడు అన్నంలో చిన్న రాయి వచ్చింది. అత్త దాన్ని పంటికింద నుంచి తీసి, కడిగి, నా కంచం పక్కన పెట్టింది. "చదువుకోమ్మా," అంది.

ఆమెను నేను ద్వేషించాను. ఇప్పటికీ ద్వేషిస్తున్నాను. దాచి లాభం లేదు. జరిగినదంతా ఆ ద్వేషం నీడలోనే జరిగింది.

వానకు పారే వంక దగ్గరి పల్లెలనుంచి ఆడవాళ్ళు గంపల్లో తెల్లమన్ను తెచ్చి బజారులో అమ్మేవాళ్ళు. చింతపండు గుజ్జులో చిటికెడు కలిపి తోమితే నల్లబడిన బిందె కూడా పెళ్ళినాటి బిందెలా మెరిసేది. ఒకరోజు తోముతూ తోముతూ ఆ మన్నును వేళ్ళ మధ్య రుద్ది చూశాను. ముగ్గురాయి పొడిలా లేదు. నిమ్మరసం పిండాను. సున్నమైతే పొంగాలి, పొంగలేదు. కాలేజీలో నేర్పినట్టు కొంచెం పంటికింద పెట్టి కొరికాను. కరకరమంది. చాలా సన్నగా.

చుట్టాల పెళ్ళికి అనంతపురం వెళ్ళినప్పుడు ఒక పొట్లం కట్టుకుపోయి మా జియాలజీ మేష్ట్రుకు చూపించాను. ఆయన కొంచెం పొడిని అద్దం మీద పెట్టి మైక్రోస్కోపులో చూశారు. చాలాసేపు తల ఎత్తలేదు. తర్వాత లేచి, నన్ను కూర్చోమని, చూడమన్నారు.

జాతరలో గాజుల అంగడి కూలిపోతే నేలమీద ఎట్లా ఉంటుందో అట్లా ఉంది. వంపు తిరిగిన ముక్కలు. కొడవళ్ళలాంటివి, చంద్రవంకలాంటివి. అంచులన్నీ పదును.

"కొండ పేలినప్పుడు లోపలున్న కరిగిన రాయి నురగలా పొంగుతుందమ్మా. పొంగి పగులుతుంది. పగిలిన ఒక్కో బుడగ గోడే ఈ ఒక్కో ముక్క," అన్నారు. మన చుట్టుపక్కల అలాంటి కొండ లేదట. సముద్రం అవతల, ఆగ్నేయంగా, దీవుల్లో ఉన్నాయట. అక్కడిదే అయి ఉండొచ్చని ఆయన అనుమానం. రుజువు కాదు, అనుమానమే అని పదే పదే చెప్పారు. పేలిన కొండ దగ్గర లావు రవ్వ ముందే రాలిపోతుంది. అంతకంటే సన్ననిది ఇంకొంత దూరం వెళ్ళి రాలుతుంది. అన్నిటికంటే సన్ననిది మాత్రమే గాలి మీద నిలబడి సముద్రాలు దాటుతుంది. "ఇందులో లావు రవ్వ ఒక్కటీ లేదు చూడు. దారి పొడవునా గాలే జల్లెడ పట్టింది." ఆ పొర మందాన్ని ఊరూరా కొలుచుకుంటూ పోతే, అది ఎటువైపు పలచబడుతుందో అటువైపు గాలి వీచినట్టు. మనిషి ఇంకా రాతిముక్కలతో వేటాడే రోజుల్లో వీచిన గాలి. దాన్ని చూసినవాడు లేడు, రాసినవాడు లేడు. ఒక తెల్లటి చార మాత్రం మిగిలింది.

నేను లేచి వస్తుంటే ఆయన వెనకనుంచి ఇంకొక మాట అన్నారు. "పొడిగా ఉన్నప్పుడు దాన్ని ఎక్కువ విదిలించొద్దమ్మా. గనుల్లో రాతిదుమ్ము పీల్చినవాళ్ళ ఊపిరితిత్తులు బిగుసుకుపోతాయి. ఇది అంతకంటే సన్నం."

తలూపాను. పుస్తకాల సంచి సర్దుకుంటున్న పిల్లలు తలూపినట్టు.

ఇంటికి వచ్చి అంతా చెప్పాను. చెప్పానంటున్నాను గానీ, నిజానికి ప్రదర్శించాను. కొండ పేలడం, బుడగలు, గాలి, సముద్రం. నా పెళ్ళైన తర్వాత ఆ ఇంట్లో అందరూ నోరు తెరుచుకుని నా మాట విన్నది ఆ ఒక్క పూటే. ఆ చివరి మాట చెప్పలేదు. అప్పుడు దాచాలని దాచలేదు, నిజంగా. కథకు అది అక్కర్లేదనిపించింది. ఇంత పెద్ద కథ చెబుతూ చివర్లో దుమ్ము సంగతి ఎందుకని.

అత్త అంతా విని ఒకే ఒక ప్రశ్న వేసింది. "ఏ మూల నుంచి వచ్చిందంటివి?"

"ఆగ్నేయం నుంచి అత్తా."

ఆమె రెండు చేతులూ జోడించింది. "అగ్నిదేవుని మూల! కాటి బూడిద కాదు, పొయ్యి బూడిద కాదు. ఎవురూ తొక్కింది కాదు, ఎవురూ ముట్టింది కాదు. ఆయప్పే కాల్చి, గాలిదేవుని చేతికిచ్చి పంపించినాడు. ఇంతకాలం దీంతో అంట్లు తోముతాంటిమే, పాపిష్టోళ్ళం!"

నాకు నవ్వొచ్చింది. నవ్వలేదు. అది కాదత్తా అని కూడా అనలేదు. ఆ పూట నా అన్నంలో ఆమే నెయ్యి వేసింది. మీకు ఇది చిన్న విషయంలా కనిపించవచ్చు. ఆ ఇంట్లో నెయ్యి గిన్నె ఎవరి చేతిలో ఉంటుందో, ఎవరి కంచం దాకా వస్తుందో, రానప్పుడు ఎట్లా ఉంటుందో చూసినవాళ్ళకే అది తెలుస్తుంది.

మా ఆయన ఒకరోజు నన్ను వంక దగ్గరికి తీసుకుపోయాడు. గట్టు నిలువునా కోసినట్టుగా ఉంది. పైన ఎర్రమన్ను, దాని కింద సున్నపు గడ్డలున్న మన్ను, దాని కింద తెల్లటి పొర. ఆ తెల్లపొరలోనే రెండు రకాలు. పైన లావుగా, చారలు చారలుగా ఉన్నది వానలకు చుట్టుపక్కల గుట్టల మీదనుంచి కొట్టుకొచ్చి చేరింది. అన్నిటికంటే అడుగున, చార లేకుండా, సన్నగా, పిండిలా ఉన్నది ఆకాశంనుంచి తిన్నగా రాలింది. దాని మీద వేలు పెట్టాను. ఆ గాలి వీచిన రోజుల మీద వేలు పెట్టాను. నా జీవితంలో అంత సంతోషం మళ్ళీ కలగలేదు. బిడ్డలు పుట్టినప్పుడు కూడా కలగలేదు. ఇది కూడా రాసేస్తున్నాను, ఎట్లాగూ రాస్తున్నాను కదా అని.

మా ఆయన నా వేలును చూడలేదు. బండి ఎంత దగ్గరికి వస్తుందో చూశాడు. "అడుగుది మేలైందా?" అన్నాడు.

"అడుగుదే సన్నం," అన్నాను.

అట్లా మొదలైంది. అడుగు పొరను తవ్వించి, బండ్లకెత్తించి, మా పెరటి గదిలో పోయించాడు. ముందు జల్లెడ, తర్వాత పాత పంచెగుడ్డ కుండ మూతికి కట్టి వస్త్రగాళితం. పొట్లాలు కట్టి దుకాణంలో పెడితే గౌరిబిదనూరు వైపునుంచి కూడా అడిగి వచ్చి తీసుకుపోయారు. అంట్లకు వాడడం పాపమన్న అత్త, బేరం సాగేసరికి ఒక దారి కనిపెట్టింది. మొదట జల్లించింది ఒక వెండి భరిణెలో పోసి దేవుడి ముందు పెట్టేది, విభూతికి. మిగిలింది ఆయన ప్రసాదమే కాబట్టి అమ్ముకోవచ్చు.

జల్లించడానికి వచ్చింది రత్నమ్మ. పక్క వీధిలో ఉండే రైతుల ఇంటిది. మొగుడు పోయినాడు, ఒక కూతురు. నోరున్న మనిషి. మా అత్తకు ఎదురు చెప్పగలిగినవాళ్ళు ఆ వీధిలో ఆమె ఒక్కతే. "యేమమ్మా షావుకారమ్మా, గాలి తెచ్చిన మన్ను అమ్ముకుంటాండారు, రేపు గాలిని గూడా పొట్లం కడ్తారా?" అనేది. అత్త కోపంగా చూసేది. నేను లోపల నవ్వుకునేదాన్ని. ఆ ఇంట్లో నాకు ఎవరైనా ఇష్టమైనవాళ్ళు ఉన్నారంటే ఆమే.

ఇక ఆ ఎండ రోజు. ఆ గాజు పెంకు కింద పొడి దిగకుండా నిలబడి ఉన్న రోజు. గాలి మీద సముద్రం దాటగలిగిన పొడి, గదిలో ఎందుకు దిగుతుంది? ఏ గుణం చూసి మేష్ట్రు అంత మురిసిపోయారో, నేను పొంగిపోయానో, ఆ గుణమే రత్నమ్మ ముక్కులోకి పోతోంది. పైగా గాలి ఒకసారి జల్లించినదాన్ని మేము మళ్ళీ జల్లిస్తున్నాం. ఇంకా సన్నం చేస్తున్నాం. మేష్ట్రు వెనకనుంచి అన్న మాట అప్పుడు నా చెవికి చేరింది. అప్పుడే పరుగెత్తాను. వాడి ముక్కు మూసి. రత్నమ్మ వైపు చూడకుండా.

వంటింట్లో వాణ్ణి కింద పెట్టి, ముక్కు తుడిచి, కొంగు తడిపి మళ్ళీ తుడిచి, కూర్చున్నాను. ఇప్పుడు లేచి వెళ్ళి ఒక్క మాట చెప్పాలి. నీళ్ళు చల్లి జల్లించండి. లేదా అసలు ఆపండి. ఒక్క మాట. లేవలేదు.

ఎందుకు లేవలేదు? భయమా? ఎవరికి భయపడ్డాను? మా ఆయన బేరం పోతుందనా? కాదు, బేరం పోతే నాకేం? రాత్రుళ్ళు పిల్లలు నిద్రపోయాక ఎన్నిసార్లు ఈ ప్రశ్న అడుక్కున్నానో, ప్రతిసారీ ఒక మంచి జవాబు తయారుచేసుకుని పడుకునేదాన్ని: నాకు సరిగ్గా తెలియదు కదా, నేను డాక్టరును కాను కదా, మేష్ట్రు చెప్పింది గనుల గురించి కదా, రత్నమ్మకు ముందునుంచే పొగాకు అలవాటు ఉంది కదా అని, ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోయేదాన్ని, అవన్నీ తీసేస్తే అడుగున ఉన్నది ఒకటే. అత్త గెలుస్తుంది. నేను లేచి చెబితే, ఆమె గుమ్మంలో నిలబడి వీధికంతా వినిపించేలా అంటుంది: చదువుకున్న కోడలు మా ఇంటికి గాజుపొడి తెచ్చిందంటప్పా అని. మళ్ళీ నా కంచం పక్కన రాయి వస్తుంది. అంతే. అందుకోసం. ఒక మనిషి ఊపిరి ఒకవైపు, నా కంచం పక్కన రాయి ఒకవైపు. నేను ఏది ఎంచుకున్నానో చూశారు.

నా పిల్లల్ని మాత్రం వదల్లేదు. దానికి ఉపాయం దొరికింది. ఎంత తెలివైన ఉపాయమో వినండి.

అత్త దగ్గరికి వెళ్ళి అన్నాను. "అది దేవుడిదంటాండారు గదత్తా. పిల్లలు ఎంగిలి చేతులతో ఆ గదిలోకి పోతాండారు. మంచిదేనా?"

ఆమె నన్ను కింద నుంచి పైకి చూసింది. "ఇన్నాళ్ళకు ఒక మాట మాట్లాడినావు," అంది.

మర్నాటికి గదికి మడి వచ్చింది. అన్నం తిన్నవాళ్ళెవరూ లోపలికి పోకూడదు. పిల్లలు ఆ గడప తొక్కకూడదు. రత్నమ్మ మా బావి దగ్గర తలకు పోసుకుని, ఉతికిన చీర కట్టుకుని, ఏమీ తినకుండా లోపలికి పోవాలి. వీధిగాలి, పక్కిళ్ళ పొగ లోపలికి రాకూడదు. అందుకని వడ్లాయన్ను పిలిపించి ఉన్న ఒక్క కిటికీకి చెక్క పలకలు కొట్టించింది. తలుపు వేసి జల్లించాలి.

నేను పిల్లల్ని కాపాడుకోవడానికి ఒక మాట అన్నాను. ఆ మాట రత్నమ్మకు కిటికీ మూసేసింది. ఆ సుత్తి దెబ్బలు వంటింట్లో కూర్చుని విన్నాను. అప్పుడైనా లేవచ్చు. లేవలేదు.

అత్త ఆ భరిణెలోంచి పిల్లల నుదుట విభూతి పెట్టేది. "తడి చేసి పెట్టండత్తా, పొడిగా పెడితే కళ్ళల్లో రాలతాది," అన్నాను. ఆమె విన్నది. ఆ రోజునుంచీ నీళ్ళలో వేలు ముంచి పెట్టేది. చూశారా? నీళ్ళు చల్లాలని నాకు తెలుసు. ఎక్కడ చల్లాలో అక్కడ చల్లించాను. నా పిల్లల నుదుటి దాకా వచ్చిన నీళ్ళు రత్నమ్మ జల్లెడ దాకా పోలేదు.

ఏళ్ళు గడిచాయి. రత్నమ్మ మాటలు తగ్గాయి. నేనది మొదట వయసనుకోవాలని చూశాను. అత్తతో వాదం మొదలుపెట్టి, సగంలో ఆగి, గోడ పట్టుకుని నిలబడేది. మిగతా సగం చెయ్యి ఊపి చెప్పేది.

ఒకరోజు బావి దగ్గర నన్ను ఆపింది. ఆ మాటలు ఒక్కటీ మర్చిపోలేదు.

"చిన్నమ్మా, ఒక మాట అడుగుతా. నవ్వొద్దు."

"అడుగు రత్నమ్మా."

"మీ దేవుని బూడిద నా గొంతులో గుడి కట్టుకున్నట్టుండాది. పండుకుంటే చాలు, ఈడ గంట కొడ్తాండాది." ఎదురొమ్ము మీద చెయ్యి వేసుకుని చూపించింది. నవ్వబోయి దగ్గింది. "నువ్వు చదివినావు గదా. ఇదేమన్నా చేస్తాదా మనిషికి?"

"బూడిద గదా," అన్నాను. "బూడిద ఏం చేస్తాది?"

"అదేలే నేనూ అనుకుంటి. మొగాన పూసుకుంటాం, నోట్లో ఏసుకుంటాం. మీ అత్త చెప్తే నమ్మనమ్మా, ఆ యమ్మ లాబం ఆ యమ్మది. నీ నోటెంట వస్తే ధైర్యం."

బిందె ఎత్తుకోబోయింది. ఎత్తలేకపోయింది. నేను ఎత్తి ఆమె చంకన పెట్టాను. అదీ నేను ఆమెకు చేసిన సాయం.

తర్వాత చిక్కబళ్ళాపురం ఆస్పత్రికి తీసుకుపోవలసి వచ్చింది. మా ఆయన నన్నే తోడు పంపించాడు, కన్నడ బాగా మాట్లాడతానని. డాక్టరు చిన్న వయసువాడు, మంచివాడిలాగే ఉన్నాడు. ఛాతీ మీద గొట్టం పెట్టి విని, ఏం పని చేస్తావమ్మా అని కన్నడంలో అడిగాడు. రత్నమ్మ "మనె కెలస," అంది. ఇంటిపని. ఆమె దృష్టిలో అది నిజమే. మా ఇంట్లో చేసే పనే కదా. డాక్టరు నా వైపు చూశాడు, ఇంకేమైనా ఉందా అన్నట్టు. ఆయన చూపు నా మీద చాలాసేపు ఉన్నట్టు అనిపించింది. బహుశా లేదేమో, ఆయనకు బయట చాలామంది కాచుకున్నారు. నేను తల అడ్డంగా ఊపాను. ఆయన క్షయ అనుకుని మందులు రాశాడు. రత్నమ్మ ఆ మందులు మానకుండా మింగింది. క్షయ కాని మనిషికి క్షయ మందు ఏం చేస్తుంది? తిరుగు బస్సులో ఆమె నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. నేను కదల్లేదు, లేస్తుందేమోనని. ఎంత మంచిదాన్నో చూడండి.

ఇప్పుడు ఆమె పడుకోలేకపోతోంది. మంచం మీద దిండ్లకు ఆనుకుని కూర్చునే నిద్రపోతుంది. ఒక మాటకూ ఇంకో మాటకూ మధ్య ఊపిరి కోసం ఆగుతుంది. ఇంక జల్లెడ పట్టడం ఆమెవల్ల కాదు.

ఈ సాయంత్రం ఆమె కూతురు వచ్చింది. సరోజ అనుకోండి. చంకలో పాలు తాగే పాప. "రేపట్నుంచి నేనొస్తానమ్మా, మాయమ్మ చెప్పింది," అంది అత్తతో. "పాపనెవురు చూసుకుంటారు, దాన్నీ ఎత్తుకొస్తా. ఆ గదిలో ఒక మూల ఉయ్యాల కట్టుకుంటే ఏమన్నా అంటారా?"

మడి గుర్తొచ్చి నా ప్రాణం కుదుటపడింది. ఎట్లాగూ ఒప్పుకోదు, నా ఉపాయం ఈ బిడ్డను కూడా కాపాడుతుందనుకున్నాను. నా తప్పే నాకు సాయం చేస్తుందని ఆశపడ్డాను. ఎంత సిగ్గులేని ఆశ!

అత్త పాప గడ్డం పట్టుకుని ఊపింది. "పాలు తాగే బిడ్డకు ఎంగిలేముండాది, మైలేముండాది? అన్నం ముట్టని నోరు, దేవునితో సమానం. లోపలే కట్టుకో. ఆయప్ప గదిలో నిద్రపోతాది."

సరోజ సంతోషంగా నా వైపు చూసింది. నేనూ నవ్వాను. నవ్వాను, వింటున్నారా?

ఆ తర్వాత వంట చేశాను, వడ్డించాను, పిల్లల్ని పడుకోబెట్టాను, ఇది రాయడానికి కూర్చున్నాను. మా ఆయనకు చెబితే ముందు నన్ను అడిగేది ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని. తర్వాత, ఎవరికీ చెప్పకు అంటాడు. నేను ఊ అంటాను. నన్ను నేనెరుగుదును. పెద్దవాళ్ళకు చెబితే ఆ మాటను ఎట్లా చుట్టిపెట్టాలో వాళ్ళూ నేనూ కలిసి చూసుకుంటాం. అత్తకు చెప్పే ధైర్యం నాకు లేదు. సరోజ ముఖంలోకి చూసి చెప్పే ముఖం లేదు. రత్నమ్మ దగ్గరికి పోయి చెబితే? ఆమె నన్ను క్షమించినా క్షమించవచ్చు. అది నేను భరించలేను. అడగను కూడా.

మరి ఎవరికి? ఎవరికి ఒకసారి చెబితే ఆ మాట మళ్ళీ వెనక్కి రాదో వాళ్ళకు చెప్పాలి. చెప్పొద్దన్నా దాచలేనివాళ్ళకు.

ఇంతవరకూ రాశాక ఊపిరి కొంచెం ఆడింది. నాకు. పక్క వీధిలో ఆమెకు కాదు. ఈ తేలిక నాది కాదని తెలుసు, అయినా ఉంది. లేదంటే అది ఇంకో అబద్ధం.

మిగతాది తెల్లవారాక రాస్తున్నాను.

పిల్లలిద్దరూ, పెద్దదైన కూతురూ చిన్నోడూ, వంటింట్లో ఉగ్గాని తింటున్నారు. అత్త పక్కనే దేవుడి ముందు కూర్చుని గంట వాయిస్తోంది. సరోజ బావి దగ్గర తలకు పోసుకుని వచ్చి, జుట్టు తుడుచుకోకుండానే, భుజాన పాపనూ చేతిలో ఉయ్యాల తాడునూ పెట్టుకుని పెరటి గుమ్మంలో నిలబడి ఉంది, గది తాళం కోసం. తాళం నా బొడ్లో ఉంది.

నేను పిల్లల ముందు కూర్చున్నాను. గుమ్మంలోకి వినిపించేంత గట్టిగానే చెప్పాను.

"పెరటి గదిలో ఉండేది దేవునిది కాదు. గాజు. కంటికి కనపడనంత సన్న గాజు. ఊపిరితో లోపలికి పోతే మళ్ళీ బయటికి రాదు. రత్నమ్మవ్వకు జబ్బు చేసింది దానివల్లే. మిమ్మల్ని ఆ గడప తొక్కొద్దన్నది మైలని కాదు. నాకు తెలుసు గాబట్టి."

గంట ఆగింది. అత్త తల తిప్పలేదు. గుమ్మంలో సరోజ పాప ముఖాన్ని తన తడి జుట్టులోకి అదుముకుంది. తాడు జారి కింద పడింది. ఆమె వంగి తీసుకోలేదు. నా వైపు చూస్తూనే ఉంది. నేను ఆ చూపునుంచి తప్పుకోలేదు, కానీ అటు చూడనూ లేదు.

చిన్నోడికి సగమే అర్థమైనట్టుంది, ముక్కు పట్టుకుని చూసుకున్నాడు. నా కూతురు చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"రత్నమ్మవ్వకు ఎందుకు చెప్పలేదమ్మా?"

"ఆమె నన్ను అడిగింది," అన్నాను. "అబద్ధం చెప్పినా. మీరు నా బిడ్డలు. ఆమె కాదు. అందుకు."